అమ్మ రాక్షసి, వంశం చంద్రవంశం: స్కాదీ నుంచి హిడింబి దాకా

ఉరవకొండ నుంచి మాట్లాడుతున్నా. ఈ వారం ఎపిసోడ్ ఐడియా నాకు ఒక పెళ్లి గొడవలో వచ్చింది.

మా బంధువుల్లో ఒక తమ్ముడున్నాడు. బెంగళూరులో జాబ్. తనతో పనిచేసే అమ్మాయిని పెళ్లి చేసుకుంటానని ఇంట్లో చెప్పాడు. అందరూ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఒక పెద్దాయన ఒకే మాట అన్నాడు. "మన వంశంలో బయటి రక్తం లేదప్పా." అంతే. అక్కడితో మాటలు ఆగిపోయినాయి. నేనూ అక్కడే మూలన కూర్చుని ఉన్నా. ఏమీ అనలేదు. అనాల్సింది.

ఇంటికొచ్చినాక ఆ మాట బుర్రలో తిరుగుతానే ఉంది. వంశం అనే మాట మనకి ఎక్కడి నుంచి వచ్చింది? పురాణాల నుంచి, శాసనాల నుంచి, రాజుల కథల నుంచి. సరే, ఆ కథల్లోనే వెతుకుదాం అనుకున్నా. గొప్ప వంశాల్లో వెనక్కి వెనక్కి పోతే మొదట్లో ఉన్న అమ్మ ఎవరు? దొరికిన జవాబు చూసి నేనే షాక్ అయినా. మళ్లీ మళ్లీ ఒకే రకం మనిషి కనిపిస్తుంది. శత్రువు కూతురు. రాక్షసి.

ముందు కాస్త దూరం పోదాం. మనలో చాలామందికి థోర్, లోకీ మార్వెల్ సినిమాల వల్ల తెలుసు. ఆ కథల అసలు ఇల్లు నార్వే, ఐస్‌లాండ్. ఐస్‌లాండ్‌లో స్నోర్రి స్టుర్లుసన్ అనే ఆయన 13వ శతాబ్దంలో ఈ కథల్ని పుస్తకంగా రాసిపెట్టాడు. అప్పటికే వాళ్లు క్రైస్తవం తీసుకుని 200 ఏళ్లు దాటింది. ఆయన రాయకపోయుంటే ఇందులో చాలా భాగం మనదాకా వచ్చేదే కాదు.

ఆ కథల్లో దేవుళ్లకి ఎదురు పక్షం ఉంటుంది. వాళ్లని యోటున్‌లు అంటారు. ఇంగ్లీషులో జెయింట్స్ అని రాస్తారు కానీ అందరూ కొండంత ఆకారాలేం కాదు. గెర్ద్ అనే యోటున్ అమ్మాయి తలుపు తీయడానికి చెయ్యెత్తితే, ఆ చేతి వెలుగుకి ఆకాశం, సముద్రం మెరిసినాయని కథ. ఫ్రెయ్ అనే దేవుడు ఆమెని దూరం నుంచి చూసి తిండీ నిద్రా మానేశాడు. ఆమె కోసం తన కత్తినే ఇచ్చేశాడు. ప్రపంచం అంతమయ్యే యుద్ధంలో చేతిలో ఆ కత్తి లేకనే చనిపోతాడు. వాళ్ల కొడుకు ఫ్యోల్నిర్. స్వీడన్ ఉప్సలా రాజుల వంశాన్ని ఆ ఫ్యోల్నిర్ మీదుగానే లెక్కపెట్టారు.

ఇంకొకామె స్కాదీ. ఈమె తండ్రిని దేవుళ్లు చంపేశారు. ఆమె ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. హెల్మెట్ పెట్టుకుని, కవచం తొడుక్కుని, ఆయుధాలన్నీ తీసుకుని నేరుగా దేవుళ్ల ఊరికి పోయింది. నా తండ్రి ప్రాణానికి లెక్క చెప్పండి అంది. వాళ్లు రాజీకి వచ్చారు. మాలో ఒకర్ని మొగుడిగా ఎంచుకో, కానీ పాదాలు మాత్రమే చూసి ఎంచుకోవాలి అన్నారు. అందమైన పాదాలు చూసి బాల్డర్ అనుకుంది. తీరా చూస్తే సముద్రపు దేవుడు న్యోర్డ్! ఆమెకి కొండలు కావాలి, ఆయనకి సముద్రం కావాలి. తొమ్మిది రాత్రులు అక్కడ, తొమ్మిది రాత్రులు ఇక్కడ అనుకున్నారు. కుదరలేదు. ఆమె తన కొండకి తాను వెళ్లిపోయింది. తర్వాత ఓడిన్‌తో ఆమెకి కొడుకులు పుట్టారు, వాళ్లలో ఒకడు సేమింగ్. 10వ శతాబ్దం చివర్లో నార్వేని ఏలిన హాకోన్ యార్ల్ తన వంశం ఆ సేమింగ్ దాకా పోతుందని చెప్పుకున్నాడు. ఆస్థాన కవి ఆ వంశావళిని పద్యాల్లో కట్టాడు కూడా.

గమనించండి. ఒక రాజు తన గొప్పదనం చెప్పుకోవడానికి యోటున్ అమ్మని దాచలేదు. ఆమెని లిస్టులో పైన పెట్టుకున్నాడు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. తెలుగులో ఆదికావ్యం ఏది? నన్నయ మొదలుపెట్టిన మహాభారతం. 11వ శతాబ్దం, రాజమహేంద్రవరం, తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు. ఆయన భారతమే ఎందుకు రాయించాడు? మాది చంద్రవంశం, పాండవులు మా పూర్వులు, మా వాళ్ల కథ మా భాషలో వినాలనుంది అని. అంటే తెలుగు సాహిత్యం మొదలైందే ఒక రాజు తన వంశం గురించి అడిగిన కోరికతో.

సరే, ఆ చంద్రవంశం చూద్దాం. చంద్రుడు, బుధుడు, పురూరవుడు, ఆయువు, నహుషుడు, యయాతి. యయాతి దగ్గర ఆగండి. ఈయన పెళ్లాం దేవయాని. ఎవరీమె? అసురుల గురువు శుక్రాచార్యుడి కూతురు. ఆమెతో పాటు దాసిగా వచ్చింది శర్మిష్ఠ. ఈమె అసురరాజు వృషపర్వుడి సొంత కూతురు. రాజు కూతురు దాసి ఎట్లయింది? స్నానం దగ్గర చీరలు మారి ఇద్దరికీ గొడవైంది. శర్మిష్ఠ కోపంలో దేవయానిని బావిలో తోసేసింది. శుక్రుడు నేను రాజ్యం వదిలి పోతానన్నాడు. తండ్రి రాజ్యం నిలబడటానికి శర్మిష్ఠ దాసిగా ఒప్పుకుంది.

దేవయానికి ఇద్దరు కొడుకులు, యదువు, తుర్వసువు. యయాతి రహస్యంగా శర్మిష్ఠని కూడా చేరదీశాడు. ఆమెకి ముగ్గురు, ద్రుహ్యువు, అనువు, పూరువు. సంగతి బయటపడగానే శుక్రుడు యయాతికి ముసలితనం శాపం ఇచ్చాడు. ఎవరైనా కొడుకు తన యవ్వనం ఇస్తే సరిపోతుంది. యదువు ఇవ్వనన్నాడు. తుర్వసువు ఇవ్వనన్నాడు. నలుగురు తప్పుకున్నాక అందరికంటే చిన్నోడు, దాసి కొడుకు పూరువు, తీసుకోండి నాన్నా అన్నాడు. సింహాసనం ఆయనకే వచ్చింది. భరతుడు, కురువు, పాండవులు, కౌరవులు అందరూ ఆ పూరువు వైపు వాళ్లే.

అంటే ధర్మరాజు, అర్జునుడు, భీముడు, వీళ్లందరి మూల అమ్మ ఒక అసుర రాజకుమారి. రాజమహేంద్రవరంలో కూర్చుని మాది పాండవుల వంశం అని రాజరాజు అన్నప్పుడు, ఆ మాటలో శర్మిష్ఠ కూడా ఉంది.

ఇప్పుడు మనకి ఇంకా దగ్గరికి వద్దాం. శ్రీకృష్ణదేవరాయలు. ఆయన పట్టాభిషేకం నాటి శాసనం హంపి విరూపాక్ష గుడిలో ఉంది, 1509-10 ప్రాంతం. అందులో వంశం చంద్రుడితో మొదలై యయాతి దాకా వచ్చి తుర్వసువు వైపు తిరుగుతుంది. యయాతిని అక్కడ దేవయాని భర్త అని చెప్తారు. పెద్దన మనుచరిత్ర మొదట్లో కూడా ఇదే దారి. రాయల వంశం పేరు తుళువ. తుర్వసువు పేరు దానికి దగ్గరగా వినిపిస్తుంది, నిజమే. కానీ భారతంలో తుర్వసువు యవ్వనం ఇవ్వనని తండ్రి చేత శాపం తిన్న కొడుకు. శాపం ఉన్నా, తల్లి అసుర గురువు కూతురైనా, దక్షిణాదిలో అంత పెద్ద రాజు ఆ కొమ్మనే పట్టుకున్నాడు.

ఇక హిడింబి. లక్క ఇల్లు కాలినాక పాండవులు అడవిలో పడి పోతుంటారు. అందరూ నిద్రలో ఉంటే భీముడు కాపలా. ఆ అడవిలో హిడింబుడనే రాక్షసుడు. మనుషుల వాసన వస్తోంది, చంపి తీసుకురా అని చెల్లెల్ని పంపుతాడు. ఆమె వచ్చి భీముణ్ణి చూసింది. ప్లాన్ మొత్తం మారిపోయింది. మా అన్న వస్తాడు, మిమ్మల్ని కాపాడతా, పదండి అంది. అన్న వచ్చాడు, భీముడి చేతిలో చచ్చాడు. ఆ ఊపులో భీముడు ఆమెని కూడా చంపబోతే ధర్మరాజు ఆపాడు. ఆమె కుంతి దగ్గరికి పోయి తన మనసులో మాట చెప్పింది. కుంతి ఒప్పుకుంది. అన్నని చంపిన వాణ్ణి పెళ్లి చేసుకున్న హిడింబి, తండ్రిని చంపిన వాళ్లింట్లో మొగుణ్ణి ఎంచుకున్న స్కాదీ. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్లు జలదరిస్తుంది.

కానీ కండిషన్లు చూడండి. పగలు మాత్రమే భీముడు ఆమెతో, రాత్రికి తిరిగి తమ్ముళ్ల దగ్గరికి. అది కూడా కొడుకు పుట్టేదాకానే. ఘటోత్కచుడు పుట్టాడు. పాండవులు వాళ్ల దారిన వాళ్లు పోయారు. తలుచుకుంటే వస్తా అని కొడుకు మాట ఇచ్చాడు. పెంచడం, చూసుకోవడం అంతా అమ్మే.

మనోళ్లకి ఘటోత్కచుడంటే మాయాబజార్. 1957. డైరెక్టర్ కె.వి. రెడ్డి మన అనంతపురం జిల్లా తాడిపత్రి మనిషే. ఎస్.వి. రంగారావు ఆ గద పట్టుకుని నడుస్తుంటే మనం ఎవరి పక్షం? రాక్షసి కొడుకు పక్షమే. అభిమన్యుడి పెళ్లి చేసిపెట్టిన పెద్దన్నయ్య ఆయన. శశిరేఖ కథ వ్యాసుడి భారతంలో లేదు, జనం కల్పించుకున్నది. ఆ సినిమా పెళ్లితో అయిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగిందో అందులో చూపించరు.

అరణ్యవాసంలో కొండలెక్కుతూ ద్రౌపది సొమ్మసిల్లి పడిపోతే భీముడు కొడుకుని తలుచుకున్నాడు. వెంటనే వచ్చాడు. ద్రౌపదిని తాను ఎత్తుకున్నాడు, మిగతా వాళ్లని తనతో వచ్చిన రాక్షసులు మోశారు. అట్లాంటి కొడుకు.

ఇట్లాంటి కొడుకే థోర్‌కి కూడా ఉన్నాడు. పేరు మాగ్ని. తల్లి యార్న్‌సాక్సా, యోటున్ ఆడది. ఆ పేరుకి ఇనుప కత్తి అని అర్థం. థోర్ ఒక యోటున్‌ని చంపితే వాడి కాలు థోర్ మెడ మీద పడింది. దేవుళ్లందరూ వచ్చినా ఎత్తలేకపోయారు. మూడు రాత్రుల వయసున్న మాగ్ని వచ్చి అలవోకగా ఎత్తి పక్కన పడేశాడు. థోర్ సంతోషంతో ఒక మంచి గుర్రాన్ని బహుమతిగా ఇచ్చాడు. అప్పుడు ఓడిన్ సణిగాడు. అంత మంచి గుర్రం తండ్రినైన నాకివ్వకుండా ఆ యోటున్ ఆడదాని కొడుక్కి ఇస్తావా అని. ఇందులో జోకేంటో తెలుసా? ఓడిన్ అమ్మ బెస్ట్లా కూడా యోటున్ కూతురే!

ఇప్పుడు కురుక్షేత్రం. 14వ రోజు, రాత్రి యుద్ధం. ఘటోత్కచుడు కౌరవ సైన్యాన్ని ఊడ్చేస్తుంటాడు. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి ఉంది, ఒకేసారి వాడొచ్చు. అర్జునుడి కోసం దాచుకున్నాడు. తప్పక దాన్ని ఘటోత్కచుడి మీద వాడాడు. చనిపోతూ కూడా ఒళ్లు పెంచి శత్రువుల మీదనే పడ్డాడు. పాండవులు ఏడుస్తున్నారు. కృష్ణుడు మాత్రం సంతోషంతో ఎగిరాడు. ఎందుకంటే అర్జునుడు బతికిపోయాడు. అంతేకాదు, వీణ్ణి కర్ణుడు చంపకపోతే ఏదో ఒక రోజు నేనే చంపాల్సి వచ్చేది అన్నాడు, యజ్ఞాలకి శత్రువు కాబట్టి. ఆ మాటన్న కృష్ణుడిది యదువంశం. యదువు తల్లి దేవయాని.

ఇక్కడ రెండు కథలూ విడిపోతాయి. ప్రపంచం అంతమైనాక కూడా మాగ్ని బతికి, తమ్ముడు మోదీతో కలిసి థోర్ సుత్తికి వారసుడవుతాడు. ఘటోత్కచుడు యుద్ధంలో పనికొచ్చాడు, పోయాడు. ఆ వార్త అడవిలో హిడింబికి ఎవరు చెప్పారో అని నేను చాలాసేపు ఆలోచించా.

ఇంకో విషయం. ఈ సంబంధాలు ఒక వైపే నడుస్తాయి. నార్స్ కథల్లో దేవుళ్లు యోటున్ అమ్మాయిల్ని చేసుకుంటారు. ఏ యోటున్ అయినా ఫ్రెయా నాకు కావాలి అంటే మాత్రం చస్తాడు. మన దగ్గర రావణుడు సీతని ఎత్తుకుపోయాడు, అది వేరే, అది దౌర్జన్యం. కానీ శూర్పణఖ? నచ్చాడు, పెళ్లి చేసుకో అని అడగడం దగ్గరే ఆమె కథ మొదలైంది. హిడింబి అడిగిందీ అదే. శూర్పణఖ సీత మీదికి పోయింది, అది తప్పే. కానీ అంతకుముందే అన్నదమ్ములు ఆమెతో పరాచికాలాడారు. హిడింబి మాట వినడానికి కుంతి ఉంది, శూర్పణఖ మాట వినడానికి అక్కడ పెద్ద దిక్కు లేదు. ఒకామె వంశానికి అమ్మయింది, ఇంకొకామె ముక్కు పోయింది.

ఇప్పుడు మన మట్టికి వద్దాం. మా ఉరవకొండ పక్కనే పెన్న ఒడ్డున పెన్నహోబిలం నరసింహస్వామి. చిన్నప్పటి నుంచి పోతానే ఉన్నాం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి. ఆ హిరణ్యకశిపుడి కొడుకు ప్రహ్లాదుడు, మనవడు విరోచనుడు, మునిమనవడు బలి చక్రవర్తి, ఆయన కొడుకు బాణాసురుడు.

ఆ బాణాసురుడి వారసులం మేము అని గర్వంగా చెప్పుకున్న రాజులు ఇదే రాయలసీమలో ఉన్నారు. బాణులు. అనంతపురం, చిత్తూరు, కోలారు ప్రాంతాల్లో శతాబ్దాల పాటు పల్లవులకి, చాళుక్యులకి సామంతులుగా, కొన్నిసార్లు సొంతంగా ఏలారు. శాసనాల్లో మహాబలి బాణరసులు అని రాయించుకున్నారు. పరమేశ్వరుణ్ణే ద్వారపాలకుడిగా పెట్టుకున్న మహాబలి కులంలో పుట్టినవాళ్లం అని బిరుదు. వాళ్ల బిరుదుల్లో కనిపించే పరివిపురం హిందూపురం దగ్గరి పరిగి అని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. తమిళనాడు ఉదయేందిరంలో దొరికిన రాగిరేకుల్లో వాళ్ల వంశావళి బలితో, బాణుడితో మొదలవుతుంది. 10వ శతాబ్దం మొదట్లో పరాంతక చోళుడు వాళ్ల రాజ్యాన్ని పడగొట్టాడు.

మిగతా రాజులు అసుర రక్తాన్ని అమ్మ వైపు నుంచి తెచ్చుకున్నారు. బాణులు నేరుగా తండ్రి వైపు నుంచే చెప్పుకున్నారు. ఆ బాణాసురుడి కూతురే ఉష, కృష్ణుడి మనవడు అనిరుద్ధుడి భార్య. మళ్లీ కోడలు అవతలి పక్షం నుంచే!

ఇది మన దక్షిణాదికే ఆగలేదు. హిమాచల్‌లో మనాలి పోయినవాళ్లు హిడింబా గుడి చూసే ఉంటారు, 1553లో కట్టింది. కులూ రాజకుటుంబం ఆమెని నాయనమ్మలా చూస్తుంది. ఆమె రాకుండా కులూ దసరా మొదలు కాదు. అస్సాంలో కచారీ రాజులు మేము హిడింబి కొడుకు ఘటోత్కచుడి సంతతి అన్నారు, తమ రాజ్యాన్ని హేడంబ రాజ్యం అన్నారు. భారతంలో కొడుకు పుట్టగానే కథ నుంచి తప్పుకున్న ఆమెకి ఈ రెండు చోట్లా రాజవంశాలే దక్కాయి.

ఎందుకిట్లా? నార్వే పరిశోధకురాలు గ్రో స్టైన్స్‌లాండ్ 1991లో ఒక ఆలోచన చెప్పింది. దేవుడు, యోటున్ ఇద్దరూ పూర్తిగా వేరు వేరు. ఆ ఇద్దరి కలయికలో పుట్టినవాడు ఇద్దరికంటే కొత్త రకం మనిషి. రాజు అంటే వాడే. యోటున్ అమ్మాయి అంటే రాజు గెలుచుకోవాల్సిన నేల కూడా. ఇది మన కథలన్నిటికీ అచ్చుగుద్దినట్టు సరిపోతుందని నేననను. కానీ ఒకటి మాత్రం కనిపిస్తుంది. కొత్త చోటికి వచ్చినవాడికి ఆ చోటితో చుట్టరికం కావాలి. ఆ చుట్టరికం కోడలుగా వస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ కథలు పట్టుకుని ఫలానా కులమే రాక్షసులు, ఫలానా జాతే అసురులు అని వీడియోలు చేసేవాళ్లు ఉన్నారు. వంశావళి డీఎన్‌ఏ రిపోర్టు కాదు. చంద్రుడి నుంచి ఎవరూ పుట్టలేదు. తనని జనం ఎట్లా చూడాలని రాజు అనుకున్నాడో అదే ఆ రాతల్లో ఉంటుంది. ఉప్సలా నుంచి హంపి దాకా ఆ రాజులు తమ గురించి రాయించుకున్న కథలో బయటి అమ్మాయికి చోటుంది. అది మచ్చ అనుకుని ఉంటే ఆ పేర్లు శాసనం ఎక్కేవి కావు.

మళ్లీ ఆ పెళ్లి గొడవ దగ్గరికి. పోయిన ఆదివారం ఆ పెద్దాయన దగ్గరికి పోయి కూర్చున్నా. మాయాబజార్ మాట ఎత్తితే ఆయన ముఖం వెలిగిపోయింది, ఆ సినిమా ఆయనకి ప్రాణం. పెద్దాయన కదా, మెల్లగానే అడిగినా. "ఘటోత్కచుడు పాండవుల వంశమా కాదా?" "ఎందుకు కాదప్పా, భీముడి కొడుకే కదా" అన్నాడు. "మరి వాళ్లమ్మ?" అన్నా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పిల్ల వాళ్లది ఏ ఊరంటివి?" అని అడిగాడు.

ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఊరి పేరు అడిగాడు.

ఈ వారానికి ఇంతే. మీ ఊళ్లో హిడింబి, బాణాసురుడు, బలి చక్రవర్తి గురించి పెద్దవాళ్లు చెప్పే కథలుంటే కింద రాయండి, చదువుతా. ఉంటా మరి.